కైట్ గ్నూ/లినక్స్ 22.04: జిల్లా పరిషత్ పాఠశాల ల్యాబ్‌లో ఒక విద్యా సంవత్సరం

మా పాఠశాల కంప్యూటరు గదిలో పది డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. వాటిలో ఏడు నడుస్తాయి; మిగిలిన మూడూ ఆ ఏడింటికి విడిభాగాలు అందిస్తూ ఖాళీ డబ్బాలుగా మిగిలాయి. అన్నీ 2012-13 నాటి ఇంటెల్ మూడో తరం ప్రాసెసర్లవే. విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయని, విండోస్ 11 కావాలంటే ఎనిమిదో తరానికి తగ్గని ఇంటెల్ ప్రాసెసరూ టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ ఉండాలని చదివినప్పుడు, నిక్షేపంగా పనిచేస్తున్న మా యంత్రాలు పాతసామాను లెక్కలోకి వెళ్లిపోయాయని అర్థమైంది. కొత్తవి ఎప్పుడు వస్తాయో చెప్పగలవారు ఎవరూ లేరు. అందుకని విండోస్‌కు బదులుగా, కేరళ ప్రభుత్వ పాఠశాలల కోసం తయారైన ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ కైట్ గ్నూ/లినక్స్ 22.04ను దించుకొని, ఏడు యంత్రాల్లోనూ వేసి, జూన్ నుంచి వార్షిక పరీక్షల దాకా పిల్లల చేత వాడించాను. ఇది ఆ వాడకం మీద రాస్తున్న సమీక్ష. నేను గణితం చెప్పే స్కూల్ అసిస్టెంటును. కంప్యూటర్ల విషయంలో ఎటువంటి శిక్షణా పొందినవాణ్ణి కాను.

కైట్ అంటే కేరళ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అండ్ టెక్నాలజీ ఫర్ ఎడ్యుకేషన్. 2001లో ఐటీ అట్ స్కూల్ పేరుతో మొదలైన ప్రాజెక్టు 2017లో ఈ పేరుతో ప్రభుత్వ కంపెనీగా మారింది. తొలి రోజుల్లో అక్కడి పాఠాలు కూడా విండోస్ చుట్టూనే తిరిగేవి. ప్రభుత్వ బడిలో ఒక కంపెనీ సరుకు వాడటాన్ని చదువుగా చెప్పడం ఏమిటని ఉపాధ్యాయుల వైపు నుంచే అభ్యంతరం లేచింది. ఎవరైనా వాడుకొని, మార్చుకొని, పంచుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మాట ఆ రాష్ట్రానికి కొత్త కాదు. ఆ ఉద్యమాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 2001లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియాను ప్రారంభించింది తిరువనంతపురంలోనే. ఆ దశాబ్దం మధ్యకు వచ్చేసరికి అక్కడి ఉన్నత పాఠశాలలు లినక్స్‌కు మళ్లడం మొదలైంది, ఆ తరవాత ప్రభుత్వాలు మారినా ఆ దారి మాత్రం మారలేదు. మొదట డెబియన్, తరవాత ఉబుంటు అనే లినక్స్ రకాల మీద ఆధారపడి వరసగా కూర్పులు వచ్చాయి. నేను వాడింది దీర్ఘకాల మద్దతు ఉండే ఉబుంటు 22.04 ఎల్‌టీఎస్ మీద కట్టినది.

ఉబుంటునే నేరుగా వేసుకోవచ్చు కదా అని కొందరు మిత్రులు అడిగారు. వేసుకోవచ్చు, అదీ ఉచితమే. కాని ఉబుంటు ఖాళీ ఇంటిలాంటిది. సామాను మనమే తెచ్చుకోవాలి. గణితానికి జియోజిబ్రా, ప్రోగ్రామింగుకు స్క్రాచ్, బొమ్మలకు ఇంక్‌స్కేప్, గింప్, ధ్వనికి ఆడాసిటీ, చిన్నపిల్లల ఆటలకు జీకాంప్రీ, ఇలా ఒక్కొక్కటీ ఏడు యంత్రాలకు దించుకోవాలంటే మా ఊరి నెట్ మీద వారాలు పడుతుంది. కైట్ కూర్పులో ఇవన్నీ ముందే అమర్చి ఉంటాయి. ఒకసారి రాత్రంతా ఓపిక పట్టి పెద్ద ఫైలు దించుకొని 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే, ఆ పైన నెట్ లేకున్నా గది మొత్తం సిద్ధమైపోతుంది. నెట్ సరిగా అందని పాఠశాలలకు దీనిలోని మొదటి గుణం ఇదేనని నా అభిప్రాయం. ఉచితం కావడం కన్నా కూడా.

ఇన్‌స్టాల్ చేయడం కష్టం కాదు. పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపితే, డిస్కును ముట్టుకోకుండానే మొత్తం నడిపి చూసుకొనే వీలుంది. నచ్చిన తరవాతే వేసుకోవచ్చు. తప్పు నా వల్లే జరిగింది. నాలుగో యంత్రానికి వచ్చేసరికి చేయి అలవాటు పడి, డిస్కు మొత్తాన్ని చెరిపేసే ఎంపికను చదవకుండా నొక్కాను. అందులో మా హిందీ టీచరుగారు ఆరేళ్లుగా దాచుకున్న ప్రశ్నపత్రాలు ఉన్నాయి. ఆవిడ ఇప్పటికీ నన్ను ‘లినక్స్ మాస్టారూ’ అనే పిలుస్తారు, ఆ పిలుపులో అభిమానం కన్నా వేరేది ఎక్కువ ఉంటుంది. ఈ పని తలపెట్టేవారు ముందు రోజు ప్రతి యంత్రం దగ్గరా కూర్చొని, ఎవరి ఫైళ్లు ఎక్కడున్నాయో అడిగి, వేరేచోట భద్రం చేసుకోవాలి.

వేగం గురించి నిజం చెప్పాలి. ఉబుంటు 22.04కి 4 జీబీ ర్యామ్, 25 జీబీ డిస్కు స్థలం ఉండాలని సిఫార్సు. మా యంత్రాలకు సరిగ్గా 4 జీబీ ఉంది, కాని పాత తిరుగుడు హార్డ్ డిస్కుల మీద తెర వెలగడానికే రెండు నిమిషాలకు పైగా పట్టేది. బ్రౌజరూ జియోజిబ్రా రెండూ తెరిస్తే పిల్లలు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టేవారు. పూర్వ విద్యార్థులు కొందరిని అడిగి, ఒక్కొక్కటీ రెండు వేల రూపాయల లోపు ధరలో తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కులు, ఎస్ఎస్‌డీలు, ఏడు కొనిపించాను. ఆ మార్పుతో అరనిమిషంలో లేస్తున్నాయి. పాత యంత్రాలకు లినక్స్ వేస్తే కొత్తవైపోతాయని చెప్పేవారి మాటలో సగమే నిజం ఉంది, రెండో సగం ఎస్ఎస్‌డీది.

ఇక పాఠాల సంగతి. పద్దెనిమిదేళ్లుగా నల్లబల్ల మీద త్రిభుజం గీసి, మూడు మధ్యగత రేఖలు గీసి, అవి ఒకే బిందువు దగ్గర కలుస్తాయని చెబుతూ వచ్చాను. సుద్దముక్క మందం వల్లనో నా చేతి వల్లనో అవి ఎన్నడూ ఒకచోట కలవలేదు. ‘కలిశాయనుకోండి’ అనేవాణ్ణి, పిల్లలు అనుకొనేవారు. జియోజిబ్రాలో తొమ్మిదో తరగతి పిల్లలు తామే త్రిభుజం గీసి, శీర్షాన్ని మౌసుతో పట్టుకొని ఇటూ అటూ లాగుతుంటే, త్రిభుజం ఎంత వంకర తిరిగినా మూడు రేఖలూ కలిసే ఉన్నాయి. తరవాత లంబాలు గీయమన్నాను. ఒక కోణం 90 డిగ్రీలు దాటగానే లంబకేంద్రం త్రిభుజం విడిచి బయటికి వెళ్లిపోయింది. ఆ క్షణంలో గదిలో పుట్టిన కలకలం నా ఉద్యోగంలో నేను విన్న మంచి శబ్దాలలో ఒకటి. ఒక అమ్మాయి సరిగ్గా లంబకోణం దగ్గర ఆపి, లంబకేంద్రం శీర్షం మీదే ఎందుకు కూర్చుందని అడిగింది. ఆ రెండు భుజాలే ఒకదానికొకటి లంబాలు కదా అని పక్కనున్న అబ్బాయి జవాబు చెప్పాడు, నేను నోరు తెరవవలసిన పని రాలేదు. పరివృత్త కేంద్రాన్ని కూడా చేర్చాక వెనక వరసలోంచి ‘మూడూ ఒకే గీత మీద ఉన్నాయి సార్’ అన్నారు. అది ఆయిలర్ రేఖ. మా పుస్తకంలో లేదు. మధ్యగత రేఖలు కలిసే గురుత్వ కేంద్రం మిగిలిన రెండింటి మధ్య ఉన్న దూరాన్ని 2:1 నిష్పత్తిలో విభజిస్తుందని వాళ్లు కొలిచి తెలుసుకున్నారు. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇక్కడే ఒక లైసెన్సు విషయం చెప్పి ముందుకు వెళతాను, ఎందుకంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పేరుతో జియోజిబ్రాను కలిపేయడం తరచు చూస్తుంటాను. మార్కస్ హోహెన్‌వార్టర్ ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా మొదలుపెట్టిన జియోజిబ్రా మూలసంకేతం (సోర్స్ కోడ్) స్వేచ్ఛా లైసెన్సు కింద ఉంది గాని, సిద్ధంగా ఇచ్చే ఇన్‌స్టాలర్లు వాణిజ్యేతర వాడకానికే ఉచితం. బడికి ఇబ్బంది లేదు. ట్యూషన్ కేంద్రం నడిపేవారు మాత్రం షరతులు చదువుకోవాలి.

తక్కినవాటిని త్వరగా చెబుతాను. కొలరాడో విశ్వవిద్యాలయం వారి, తెర మీదే చేసే ఫెట్ ప్రయోగాలు భౌతికశాస్త్రానికి బాగా ఉపయోగపడ్డాయి. విద్యుత్ వలయం కట్టే ప్రయోగం ముందు మా సైన్సు ల్యాబ్‌లోని తుప్పు పట్టిన బ్యాటరీ పెట్టె చిన్నబోయింది. వీటిలో కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. జీకాంప్రీ చిన్న తరగతులకు తగినది, మా ఆరో తరగతి పిల్లలు ఒక నెల ఆడి వదిలేశారు. స్క్రాచ్‌ను ఎవరూ నేర్పనవసరం లేదు. స్టెల్లేరియంలో మా ఊరి అక్షాంశ రేఖాంశాలు పెట్టి ఆ రాత్రి ఆకాశాన్ని చూపించాను. కృత్తికా నక్షత్రాన్ని తెర మీద చూసి ఇది మా నాయనమ్మ చెప్పే పిల్లలకోడి అని ఒక పిల్లవాడు గుర్తుపట్టాడు. మర్నాడు తెల్లవారుజామున నిజం ఆకాశంలో కూడా వెతికి వచ్చానన్నాడు. లిబ్రే ఆఫీస్ రాతపనికి సరిపోతుంది. గింప్ మా పిల్లలకు బరువైంది, నాకూ అంతే.

తెలుగు విషయంలో అసలైన ఖాళీ కనిపిస్తుంది, ఇందులో తయారుచేసినవారి లోపం వెతకడం న్యాయం కాదు. వారు తమ పిల్లల కోసం తయారుచేసుకున్నారు. అక్కడి ఐసీటీ (సమాచార సాంకేతికత) పాఠ్యపుస్తకం మలయాళం, ఇంగ్లీషు, తమిళం, కన్నడం మాధ్యమాలలో వస్తుంది; స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వంటి స్వచ్ఛంద బృందం ఏళ్ల తరబడి ఖతులూ (ఫాంట్లూ) కీబోర్డులూ అనువాదాలూ తయారుచేసి ఆ నేలను దున్ని పెట్టింది. మనకూ పని జరగకపోలేదు. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం శ్రమించింది. పోతన, వేమన ఖతులు డెబియన్, ఉబుంటు భాండారాల్లోనే ఉన్నాయి; మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు వంటివి స్వేచ్ఛా లైసెన్సుతో ఎవరైనా దించుకోవచ్చు. ఇన్‌స్క్రిప్టు కీబోర్డుతో పాటు, డీటీపీ అలవాటున్నవారికి చేతికి పట్టిన యాపిల్ కీబోర్డు వరస కూడా, లినక్స్‌లో భాషల టైపింగు చూసుకొనే ఐబస్‌లో చేర్చుకోవచ్చు. ఇవన్నీ నేను ఏరి తెచ్చి ఏడు యంత్రాల్లో వేసుకున్నాను, ఒక ఆదివారం అందుకే పోయింది. ఆ ఆదివారం ప్రతి పాఠశాలలో ప్రతి ఉపాధ్యాయుడిదీ పోనక్కర్లేదు. ఒకసారి ఎవరో ఒకరు కూర్చి ఇస్తే చాలు.

ఖతుల కన్నా పెద్ద తలనొప్పి పాత ఫైళ్లది. మా ప్రశ్నపత్రాలు, పాఠ్య ప్రణాళికలు చాలావరకు, అన్ని యంత్రాల్లోనూ తెలుగు ఒకేలా కనిపించేలా చేసిన యూనికోడ్ రాకముందు నాటి డీటీపీ ఖతులతో టైపు చేసినవి. ఆ ఖతి లేని యంత్రంలో తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాల చెత్త కనిపిస్తుంది. ఇది లినక్స్ దోషం కాదు, ఖతి లేకపోతే విండోస్‌లోనూ అంతే. అయినా ‘మీ కొత్త సిస్టమ్ నా ఫైలు పాడుచేసింది’ అన్న మాట పడవలసింది మార్పు తెచ్చినవాడే. మార్పిడి చేసే ఉపకరణాలతో కొన్ని పత్రాలను యూనికోడ్‌లోకి తెచ్చాం. వత్తులు, పొల్లులు చేత్తో సరిచూసుకోవలసి వచ్చింది.

కార్యాలయపు పనికి దీనిని ఇంకా సిఫార్సు చేయలేను. హాజరు, విద్యార్థుల వివరాలు, యూడైస్ (పాఠశాలల గణాంకాల నమోదు) వంటివన్నీ బ్రౌజరులో నడుస్తాయి గనుక ఇబ్బంది లేదు. కాని పైనుంచి మాక్రోలతో (లోపల రాసిపెట్టిన చిన్న ఆదేశాలతో) నిండిన ఎక్సెల్ పట్టికలు వస్తాయి, అవి లిబ్రే ఆఫీస్‌లో తెరుచుకుంటాయి గాని బొత్తాలు నొక్కితే పలకవు. మా పాత లేజర్ ప్రింటరుకు దాని కంపెనీ లినక్స్ డ్రైవరు ఇవ్వలేదు. ప్రధానోపాధ్యాయులవారి గదిలోని యంత్రాన్ని అందుకే ముట్టుకోలేదు. ప్రింటు కావలసినప్పుడు పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో అక్కడికి తీసుకువెళుతున్నాం. ఇటువంటి ప్రయోగం చేయబోయేవారు ల్యాబ్‌నూ కార్యాలయాన్నీ వేరుగా చూడాలి. రెండూ ఒకేసారి మార్చబోయి, గుమస్తాగారి జీతాల బిల్లు ఆగిన రోజున మొత్తం వెనక్కి తీయించుకున్న పాఠశాల ఒకటి నాకు తెలుసు.

ఇంత వాడాక నాకు తోచిందేమంటే, కైట్ కూర్పులో ప్రతి అప్లికేషనూ అక్కడ ఏదో ఒక పాఠానికి కట్టుబడి ఉంది. కొన్నేళ్లపాటు అక్కడి పదో తరగతి ఐసీటీ పుస్తకంలో ఇంక్‌స్కేప్‌తో డిజైను, పైథాన్‌తో బొమ్మలు, క్యూజీఐఎస్‌తో పటాలు, సిన్‌ఫిగ్‌తో యానిమేషన్ అధ్యాయాలుగా ఉండేవి. అక్కడి ఎస్ఎస్ఎల్‌సీలో, అంటే పదో తరగతి పరీక్షల్లో, ఐటీ పరీక్ష ఉంటుంది, అదీ కంప్యూటరు ముందు కూర్చొని చేసి చూపవలసిన పరీక్ష. ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడికి ఐటీ సమన్వయకర్త బాధ్యత ఇచ్చారు. వారికి శిక్షణ ఇచ్చే మాస్టర్ ట్రైనర్లు కూడా బడుల నుంచి వచ్చిన ఉపాధ్యాయులే. 2018లో లిటిల్ కైట్స్ పేరుతో విద్యార్థుల ఐటీ క్లబ్బులు పెట్టారు. మెనూ తెరిచి నేను ‘ఇదెందుకు పెట్టారు’ అనుకున్న ప్రతిదానికీ జవాబు ఆ పాఠ్యపుస్తకంలో ఉంది, మా దగ్గర ఆ పుస్తకం లేదు. మన ఎస్ఎస్‌సీ పబ్లిక్ పరీక్షల్లో కంప్యూటరు పేపరు లేదు. జూలై నుంచి నవంబరు దాకా పిల్లలు గది ముందు బారులు తీరారు. డిసెంబరులో పదో తరగతి ప్రత్యేక తరగతులు మొదలుకాగానే టైంటేబుల్లో మొట్టమొదట కొట్టివేసింది ల్యాబ్ పీరియడ్లనే. కొట్టివేసినవారిని తప్పుపట్టలేను, మార్కులు అడిగేది వారినే గనుక. పాఠశాల విద్యలో ఐసీటీ మీద కేంద్రం 2012లో తెచ్చిన జాతీయ విధానం కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కే ప్రాధాన్యం ఇవ్వాలంది. ఆ మాట విధాన పత్రంలో ఉంది, టైంటేబుల్లో లేదు.

ఆదా గురించి వినిపించే అంకె మీద ఒక మాట. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వల్ల కేరళకు 3000 కోట్ల రూపాయలు మిగిలాయని అక్కడి అధికారులు చెబుతారు. రెండు లక్షల కంప్యూటర్లు, ఒక్కోదానికి లైసెన్సుల ఖర్చు లక్షన్నర అని లెక్క. గుణకారం సరిగానే ఉంది. అయితే ఏ ప్రభుత్వమూ ప్రతి పాఠశాల యంత్రానికీ లక్షన్నర పెట్టి సాఫ్ట్‌వేర్ కొనదు. ఉచితంగా దొరకకపోతే ఆ అప్లికేషన్లలో చాలావరకు అసలు వచ్చేవే కావు, లేదా దొంగ కాపీలుగా వచ్చేవి. కాబట్టి నేను దానిని మిగిలిన డబ్బుగా కాక, లేకపోతే పిల్లల చేతికి అందని సామానుకు కట్టిన వెలగా చదువుతాను. మా బడి లెక్క చిన్నది: ఎస్ఎస్‌డీలకు పద్నాలుగు వేల లోపు, నా ఆదివారాలు కొన్ని, హిందీ టీచరుగారి ప్రశ్నపత్రాలు.

నిర్వహణ నేను భయపడినంత లేదు. వైరసు వేటలో పోయే సమయం పూర్తిగా ఆగిపోయింది. ఊళ్లోని జిరాక్సు దుకాణం నుంచి వచ్చే పెన్‌డ్రైవ్‌లు ఇప్పుడు భయం పుట్టించడం లేదు. ఎనిమిదో తరగతి నుంచి నలుగురిని ఎంచి, ఇద్దరమ్మాయిలు, ఇద్దరబ్బాయిలు, గది తాళం తప్ప అంతా వారికి అప్పగించాను. అప్‌డేట్లు పెట్టడం, యూపీఎస్ చూసుకోవడం, కొత్త తరగతికి లాగిన్లు చేయడం వారి పని. ఉబుంటు 22.04కి ప్రామాణిక మద్దతు ఐదేళ్లు, అంటే 2027 దాకా. ఆ లోపున తరవాతి కూర్పుకు మారవలసిన పని కూడా వారిదే కావచ్చు.

మొన్న పక్క మండలం నుంచి ఒక సైన్సు మాస్టారు వచ్చి చూసి, పెన్‌డ్రైవ్ ఇస్తారా అని కాస్త మొహమాటంగా, తలుపు దగ్గరికి వేసి మరీ అడిగారు. ఇది దొంగచాటు వ్యవహారం కాదని, కాపీ చేసి ఇవ్వడం ఈ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఇచ్చిన హక్కేనని చెప్పి అక్కడే కాపీ చేసి ఇచ్చాను. మూడు రోజులకు ఫోను చేశారు, వారి ఆరు యంత్రాల్లో రెండు మాత్రమే లేచాయట. వివరాలు అడిగితే తక్కిన నాలుగూ 32 బిట్ ప్రాసెసర్లవని తేలింది, వాటికి ఉబుంటు ఎప్పుడో తలుపు మూసేసింది. ఆ నాలుగింటికీ డెబియన్ 12, తేలికపాటి డెస్క్‌టాప్‌తో ప్రయత్నించమన్నాను. 32 బిట్ యంత్రాల్లో వేసుకోవడానికి ఇన్‌స్టాలరు ఉన్న చివరి డెబియన్ అదే. వచ్చే శనివారం మా నలుగురు పిల్లల్లో ఇద్దరిని వెంటబెట్టుకొని వెళుతున్నాను. ఈసారి ఫైళ్లు ముందే భద్రం చేసుకొమ్మని ఆ మాస్టారికి చెప్పమన్నది మా హిందీ టీచరుగారు.